ఆదివారం పెట్టిన టంకం

నిరుడు జూలై నెల రెండో మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. వికారాబాదులో తెల్లవారుజామున పట్టిన ముసురు అప్పటికింకా తెరిపి ఇవ్వలేదు. గదిలో ఉష్ణోగ్రత ఇరవై ఆరు డిగ్రీలు, గాలిలో తేమ ఎనభై రెండు శాతం. ఈ వివరాలన్నీ అప్పటికప్పుడే నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ తరువాతి పది నిమిషాల్లో నేను చేసిన పని కూడా అదే పుటలో ఉంది. ఆ ఒక్క వరుస రాయడానికి మాత్రం నాకు మూడు రోజులు పట్టింది.

నేను తాండూరు దగ్గర ఒక సిమెంటు కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు పరికరాల విభాగంలో పనిచేశాను. కొలిమి వేడిని, గొట్టాల్లో ఒత్తిడిని, బెల్టు మీద బరువును చూపే మీటర్లు నిజమే చూపుతున్నాయా అని చూడడం నా ఉద్యోగం. ఒక్క మాటలో చెప్పాలంటే, కొలిచేవాటిని కొలిచేవాణ్ని. అంత కాలం ఆ పని చేసిన మనిషికి మాట మీద కన్నా అంకె మీద నమ్మకం కుదరడం సహజం. "రిజిస్టరులో లేని పని జరగనట్టే" అని నా కింద పనిచేసిన వారిని రోజుకు ఒకసారైనా విసిగించేవాణ్ని. వెనుక నన్ను వారు ఏమని పిలిచేవారో కూడా నాకు తెలుసు. దానికి తగిన ఆధారాలు ఉన్నందువల్ల నేనెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

ఉద్యోగ విరమణ అయిన రెండో ఏట, ఒకప్పుడు నా దగ్గర అప్రెంటిస్‌గా పని నేర్చుకున్న అమ్మాయి నాకు ఫోను చేసింది. అమ్మాయి అని అలవాటుగా అంటున్నాను కాని, అప్పటికి ఆమెకు నలభై దాటాయి. హైదరాబాదులో పెద్ద కంపెనీలో పదిహేనేళ్లు చేసిన ఇంజనీరు. వికారాబాదు స్టేషన్ రోడ్డులో జిరాక్సు దుకాణం పైగది అద్దెకు తీసుకుని, పాత ఇంటి కంప్యూటర్లకు కొత్త కార్డులు తయారుచేయాలని ఆమె సంకల్పం.

ఆ పాత కంప్యూటరు ఎలా ఉండేదో ఇప్పటి చిన్నవారికి కొంచెం చెప్పాలి. యంత్రమంతా కీబోర్డులోనే ఉండేది. దాన్ని ఇంట్లోని టీవీకి తగిలించేవాళ్లం. ప్రోగ్రాములను మామూలు పాటల క్యాసెట్ల మీద, మామూలు టేపు రికార్డరుతో దాచేవాళ్లం. ఒక ఆట ఎక్కాలంటే అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలూ రికార్డరు ఈల వేసినట్టు, ఇసుక జల్లించినట్టు చప్పుడు చేస్తూనే ఉండేది. నాలుగు నిమిషాల యాభై సెకన్ల దగ్గర తప్పిపోతే మళ్లీ మొదటికి. ఎనభైల చివరలో మా కర్మాగారం స్టాఫ్ క్లబ్బులో పిల్లల కోసం అలాంటిది ఒకటి కొన్నారు. తరువాత తుక్కు కింద తీసేసినప్పుడు, అనుమతి పత్రం రాయించుకుని, నేను ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ యంత్రాలను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవారు ఉన్నారు. గుల్బర్గాలో ఒక రిటైర్డు బ్యాంకు ఉద్యోగి, నిజామాబాదులో ఒక పంటి డాక్టరు, పుణెలో ఒక ఫొటోగ్రాఫరు, ఇలా. క్యాసెట్లు పాడైపోతున్నాయి. క్యాసెట్టుకు బదులుగా వేలిగోరంత మెమరీ చిప్పును యంత్రం వెనుక తగిలించే కార్డులు విదేశాల నుంచి వస్తాయి గాని, ఒక్కొక్కటి నా నెల పింఛనులో సగం. మా ఇంజనీరమ్మ తయారుచేసిన నమూనా అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. అయిదు నిమిషాల పని రెండు సెకన్లలో చేసేది. ధర తొమ్మిది వందలు. "బడిపంతులు గూడ కొనుక్కోగలగాలె సార్, లేకుంటే ఎందుకు చేసుడు?" అన్నది ఆమె. ఆ మాట నాకు నచ్చింది.

మూడో మనిషిని నేనే తెచ్చాను. తాండూరు బజారులో నలభై ఏళ్లుగా నాకు స్నేహితుడు. మొదట రేడియోలు, రేడియోలు పోయాక టీవీలు, టీవీలు సన్నబడ్డాక చార్జర్లు బాగుచేసిన మెకానిక్. అందరూ ఉస్తాద్ అనేవారు, నేనూ అంతే. ఇంజనీరమ్మకు ఆయన చాచా. ఆయన ఏదీ రాసుకోడు. టంకం పెట్టేటప్పుడు తల ఒక పక్కకు వంచి, కరిగే చప్పుడు వింటున్నట్టు ఉంటాడు. నేను భూతద్దం పెట్టి చూస్తాను. ఆయన రెండు కార్డులు పూర్తిచేసే సమయానికి నాది ఒకటి అయ్యేది. మొదటి విడత అరవై కార్డుల్లో నలభై ఆయనవి, ఇరవై నావి. ప్రతి కార్డునూ నా క్లబ్బు యంత్రం మీద మూడేసిసార్లు పరీక్షించాను. నూట ఎనభై పరీక్షలు, నూట ఎనభై విజయాలు. అంత శుభ్రమైన పుట నా జీవితంలో మరొకటి లేదు.

జూన్ నెలలో ఇరవై నాలుగు కార్డులు పోస్టులో పంపాము. మూడు వారాల్లో పదిహేడు ఫిర్యాదులు వచ్చాయి. అన్నిటిదీ ఒకే వరస: కార్డు తగిలిస్తే మొదట బాగానే ఉంటుంది, ఏదైనా దాచబోతే తెర బిగుసుకుపోతుంది.

నేను కాగితం ముందు వేసుకున్నాను. ప్రతి కార్డు వెనుక చేసినవాడి గుర్తు ఉంటుంది. పదిహేడు గుర్తులూ ఉస్తాద్‌వే. శనివారం సాయంత్రం నాలుగు గంటలకు, ఇంజనీరమ్మ ఎదుటనే, ఆ కాగితం ఆయన బల్ల మీద పెట్టాను.

"పదిహేడుకు పదిహేడు నీవే, ఉస్తాద్. నా చేతి కార్డు ఒక్కటీ లేదు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయితే?"

"నీ టంకంలో లోపముంది."

"నలభై ఏండ్లసంది పెడ్తున్న భాయ్ టంకం. తప్పు పడ్డదంటే నా చెవుకు ఎరుకైతది. పొగ వాసనకు ఎరుకైతది."

"వాసన సాక్ష్యం కాదు. ఇది అంకె."

ఆయన టంకం పెట్టే కడ్డీ మొనను తడి స్పాంజికి రుద్ది, స్టాండులో పెట్టాడు. వైరు పీకి చుట్ట చుట్టాడు. టిఫిను డబ్బా సంచిలో వేసుకున్నాడు. "అచ్ఛా. సోమవారంసంది అంకెతోనే టంకం పెట్టించుకో రిజిస్టర్ సాబ్" అని మెట్లు దిగి, తాండూరు బండికి వెళ్లిపోయాడు.

"చాచాను గట్ల అనొద్దుండె సార్" అన్నది ఇంజనీరమ్మ.

"నేనేమీ అనలేదమ్మా. లెక్క చెప్పాను."

చదువుతున్న చిన్నవారికి ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఆ లెక్కలో తప్పు లేదు. తప్పంతా నేను వేసుకోని మరొక లెక్కలో ఉంది. ఉస్తాద్ పని త్వరగా అవుతుంది గనుక, ముందు పంపిన ఇరవై నాలుగు కార్డులూ ఆయన చేసినవే. నావి ఇరవైకి ఇరవై అప్పటికి అలమరలోనే ఉన్నాయి. బయటికి పోని కార్డుకు ఫిర్యాదు ఎలా వస్తుంది? పోస్టు రసీదులు నా సొరుగులోనే ఉన్నాయి. సొరుగు తెరవలేదు.

ఇక మంగళవారం. ఆ రోజు వచ్చినావిడ యాలాల్ మండలంలో ఒక ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పి విరమించిన టీచరమ్మ. ముందే ఫోనులో మాట్లాడుకుని వచ్చారు. తడిసిన గొడుగు మెట్ల మీద ఆరబెట్టి, ఎయిర్‌బ్యాగు లోంచి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టారు: తువ్వాలులో చుట్టిన కంప్యూటరు, వారి పాత టేపు రికార్డరు, రెండు క్యాసెట్లు, అట్ట చినిగిన హాజరుపట్టీ.

అప్పట్లో వారి బడికి ప్రభుత్వం ఇలాంటి యంత్రం ఒకటి ఇచ్చిందట. తెర మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. పిల్లలకు అది నచ్చలేదు. అందుకని టీచరమ్మ గ్రాఫు కాగితం మీద పదహారు గళ్ల పొడవు, పదహారు గళ్ల వెడల్పు చదరాలు గీయించి, తొమ్మిదో తరగతిలోని నలభై ఒక్క మందికి తలా ఒక తెలుగు అక్షరం ఇచ్చారు. ఏ గడి నల్లగా ఉండాలో, ఏది తెల్లగా ఉండాలో ఆ పిల్లవాడే నిర్ణయించాలి. నలభై ఒక్క అక్షరాలు, ఒక్కొక్కటీ గీసినవారి పేరుతో సహా, వరుసగా ఒక క్యాసెట్టు మీద దాచారు. జాగ్రత్తపరురాలు గనుక అదే రెండో క్యాసెట్టు మీద కూడా దాచారు. గ్రాఫు కాగితాలు ఏనాడో చెదలు తిన్నాయి.

"పోరలందరు ఇప్పుడు యాభైకి వచ్చిండ్రు సార్" అన్నారామె. "ఆషాఢంల పెండ్లిళ్లుండయ్ కదా, ఫంక్షన్ హాలు ఖాళీ ఉన్నదని వచ్చే ఆదివారం అందరు కలుస్తుండ్రు. ఎవని అక్షరం వానికి టీవీల చూపిస్తనని మాటిచ్చిన. క్యాసెట్లు ఇంకొక్కసారి తిరుగుతయేమో, అంతే. తిరిగినప్పుడు మీ కార్డుల పట్టి దాయాలె."

టేపు మీద ఒక అక్షరానికీ మరో అక్షరానికీ మధ్య నాలుగు సెకన్ల నిశ్శబ్దం ఉంటుంది. మా కార్డుకు దాచడానికి ఒక్క సెకను చాలు. అంటే క్యాసెట్టు ఒకసారి ఆగకుండా తిరిగితే, వచ్చిన అక్షరం వచ్చినట్టు కార్డులో చేరిపోతుంది. మా కార్డు ఎందుకు పుట్టిందో సరిగ్గా దానికే వచ్చారు టీచరమ్మ.

ఇంజనీరమ్మ, "ముందుగాల ఏదన్న పాత ఆట క్యాసెట్టుతోని చూద్దాం సార్" అన్నది.

"అవసరం లేదు. ఇది ఉస్తాద్ చేసిన కార్డు కాదు, నేను చేసినది. మూడు పరీక్షలు నెగ్గింది."

"పక్కానా సార్?" అని అడిగారు టీచరమ్మ.

"అంకెల్లో అనుమానానికి చోటుండదమ్మా" అన్నాను. ఈ వాక్యం కూడా నోటుపుస్తకంలో ఉంది. చెరిపేయాలనిపించింది కాని చెరపలేదు.

కార్డును వారి యంత్రానికే తగిలించి, పది నలభైకి మీట నొక్కాను. ఈల వచ్చింది. మొదటి అక్షరం తెర మీద నిలిచింది. టీచరమ్మ చిన్నగా నవ్వి పేరు చదవబోయారు. కార్డు దాచడం మొదలుపెట్టింది, తెర బిగుసుకుపోయింది. నేను తెర వంకే చూస్తూ, అది ఎన్ని సెకన్లలో తేరుకుంటుందో లెక్కపెడుతున్నాను. క్యాసెట్టు వైపు చూడవలసింది. పాత రబ్బరు కరిగి జిగురైన రోలరుకు టేపు చుట్టుకుంది. చప్పుడు మారి నేను తిరిగేసరికి, రికార్డరు మూతలోంచి ముడతలు పడ్డ గోధుమరంగు రిబ్బను జానెడు బయటికి వచ్చి ఉంది. లోపల ఇంకెంత నలిగిందో తరువాత కొలిచాను. మూడు మీటర్ల పైచిలుకు, అందులో నాలుగు చోట్ల తెగింది.

టీచరమ్మ కోపగించుకోలేదు. మంచినీళ్లు అడిగారు. తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, "ఇంకోటి ఉన్నది సార్. గది గూడ గిట్లనే అయితదా?" అన్నారు.

నేను నలిగిన రిబ్బనును రోలరు నుంచి విడదీయసాగాను.

ఇంజనీరమ్మ అదే కార్డును తీసి నా క్లబ్బు యంత్రానికి తగిలించింది. చక్కగా పనిచేసింది. మళ్లీ టీచరమ్మ యంత్రానికి పెట్టింది. బిగుసుకుంది. ఇలా అయిదుసార్లు అటూ ఇటూ మార్చింది. నేను ఒక్కొక్క ఫలితం రాసుకుంటున్నాను. చేయి తనంతట తాను రాస్తున్నది.

"కార్డు చేసిన చేతుల ఏం లేదు సార్. మీ మిషన్ల ఏదో ఉన్నది."

"నా యంత్రం చరిత్ర మొత్తం ఈ పుస్తకంలో ఉందమ్మా. కొన్న తేదీ నుంచి, రిజిస్టరు చూసి ఎక్కించుకున్నాను."

"గా పుస్తకంల లేనిది ఏమన్న ఉన్నదేమో, విప్పి చూద్దాం."

ఆ మాటకు నాకు నిజంగా కష్టమనిపించింది. నాలుగు మరలు తీశాను. కార్డు తగిలే అంచు పక్కనే, మినపగింజంత నీలం కెపాసిటర్ ఒకటి కనిపించింది. విద్యుత్తులో వచ్చే చిన్న కుదుపులను మింగి నెమ్మదింపజేసే భాగం అది. కంపెనీ వారు పెట్టినది కాదు. దాని కాళ్లు ఒకటిన్నర చుట్టు చుట్టి, మొన ఏటవాలుగా కత్తిరించి ఉన్నాయి. అలా చుట్టడం మా జిల్లాలో మొదలుపెట్టింది నేనే. అప్రెంటిస్‌లందరికీ అదే నేర్పాను. ఇంజనీరమ్మ కూడా అలాగే చుడుతుంది. ఆమె ఆ కాళ్లను చూసింది; నన్ను చూసింది.

అప్పుడు గుర్తుకు వచ్చింది. మా క్వార్టర్ల వెనుక నాపరాళ్లు కోసే యూనిట్లు ఉండేవి. రంపం తిరగడం మొదలైనప్పుడల్లా క్లబ్బు కంప్యూటరు తిక్కగా ప్రవర్తించేది. ఒక ఆదివారం నేను వెళ్లి ఆ కెపాసిటర్ పెట్టి వచ్చాను. రంపాల గొడవ తీరిపోయింది. ఆదివారం డ్యూటీ లేదు. డ్యూటీ లేని రోజున రిజిస్టరు తెరవరాదన్నది కర్మాగారం నియమం; నేను నియమం తప్పే మనిషిని కాను. సోమవారం రాయవచ్చు. సోమవారం మరేదో పని పడి ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆ గింజ అక్కడే ఉండి, మా కార్డులో ఉన్న లోపాన్ని నూట ఎనభైసార్లు మింగేసింది. కుదుపు మా కార్డు నుంచే వస్తున్నది. తక్కిన వారి యంత్రాల్లో దాన్ని మింగేందుకు ఏదీ లేదు. ఫిర్యాదు రాని మిగతా ఏడుగురి యంత్రాలు వేరే ఏడాది తయారీవి, కొంచెం మొండివి.

బుధవారం ఉదయం తాండూరు వెళ్లాను. ధారూరు దాటేదాకా ఏమనాలో వాక్యాలు కూర్చుకున్నాను. ఉస్తాద్ తన పాత దుకాణం షట్టరు సగం ఎత్తి, స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ ఉపయోగపడలేదు. నీలం గింజను, దాని చుట్టిన కాళ్లతో సహా, ఆయన అరచేతిలో పెట్టాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "గిది నా డబ్బాల మాలే" అన్నాడు.

"నీదా?"

"ఇంకెవనిది? నీ క్లబ్బు మిషన్ పిచ్చిలేస్తున్నదని నువ్వే వస్తివి. మా పెద్దబిడ్డ బిస్మిల్లా అయిన ఇతవారం. మిఠాయి తింటివి, చెయ్యి తుడుసుకుంటివి, డబ్బాల చెయ్యి వెట్టి తీస్కపోతివి." ఆగి నా ముఖం చూశాడు. "రాయలేదా?"

"రాయలేదు."

"యా అల్లా!" అని ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. చాయ్ కప్పు కింద పెట్టి నవ్వాడు. పక్క దుకాణం కన్నడాయన తొంగి చూసి ఏమైందని అడిగితే, "ఈ సాబ్ తప్పు చేసిండు, జర స్వీటు తెప్పియ్" అన్నాడు. నవ్వు ఆగాక మాత్రం ఆయన గొంతు మారింది. "గా పోరి ముంగట అన్నవ్ నన్ను. గదే మనసుకు పట్టింది భాయ్. నలుగురి ముంగట అన్నా ఫికర్ లేకపోవు. ఆమె నన్ను చాచా అంటది."

"ఆమె ముందే ఒప్పుకుంటాను."

"ఒప్పుకునుడు తర్వాత. ముందుగాల పుస్తకంల రాయి. తారీఖు వెట్టి రాయి."

తారీఖు నాకు తెలియదు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఉస్తాద్ లోపలికి వెళ్లి కూతురి పదో తరగతి మెమో జిరాక్సు తెచ్చాడు. వారి ఆచారం ప్రకారం బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు బిస్మిల్లా చదివించి చదువు మొదలుపెడతారట. పుట్టిన తేదీకి ఆ అంకెలు కలిపి, క్యాలెండరు లెక్క వేశాను. రెండుసార్లు వేశాను. ఆదివారమే తేలింది. జీవితంలో ఏదీ రాసుకోని మనిషి, నా పుస్తకంలో లేని తేదీని ఒక మెమో కాగితంతో నా చేతిలో పెట్టాడు. స్టూలు మీద కూర్చుని ఆ వరుస రాశాను: తేదీ, యంత్రం, లోపం, చేసిన పని, కెపాసిటర్ ఇచ్చినది ఉస్తాద్. ఆయన చదివి, "మిఠాయి ముచ్చట రాయలే" అన్నాడు. అదీ రాశాను.

గురువారం ముగ్గురమూ పనిలో ఉన్నాము. నా కార్డుకు ఇంజనీరమ్మ ఒక కెపాసిటర్ అతికించింది. ఈసారి టీచరమ్మ మా దగ్గర ఉంచి వెళ్లిన యంత్రం మీద, పాత ఆట క్యాసెట్టుతో, ఇరవైసార్లు పరీక్షించాము. ఉస్తాద్ కార్డు వైపు చూడనైనా చూడలేదు. రికార్డరు రోలరు మార్చి, రెండో క్యాసెట్టును బాల్‌పెన్నుకు తగిలించి, చేత్తో మెల్లగా ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాడు. ఎక్కడెక్కడ అంటుకుందో వేలికి తెలుస్తుందట. రెండు చోట్ల ముడత ఉన్నదని చెప్పాడు. ఎన్ని మిల్లీమీటర్లని అడగబోయి మానుకున్నాను.

శుక్రవారం ఉస్తాద్‌కు మధ్యాహ్నం జుమా నమాజు ఉన్నందువల్ల పదింపావుకే మొదలుపెట్టాము. ముందుగా, అదే రికార్డరులో అప్పట్లో పిల్లల ప్రార్థన నింపిన వేరే క్యాసెట్టు ఒకటి టీచరమ్మ తెస్తే, అది పెట్టి, టేపును చదివే హెడ్డు పక్కనున్న సన్నటి మరను ఆయన వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా తిప్పాడు. మబ్బుగా ఉన్న పిల్లల గొంతులు ఒక్కసారిగా తేటపడ్డాయి. "గిప్పుడు వచ్చిండ్రు పోరలు" అన్నాడు. టీచరమ్మ కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

తరువాత అసలు క్యాసెట్టు. టీచరమ్మ హాజరుపట్టీ తెరిచి, పెన్ను పట్టుకుని కూర్చున్నారు. ఈల, ఇసుక చప్పుడు, తెర మీద అక్షరం, అక్షరం కింద పేరు. ఒక్క సెకను. కార్డు మీది దీపం వెలిగి ఆరింది. తెర బిగుసుకోలేదు. టీచరమ్మ పేరు గట్టిగా చదివి, పట్టీలో గీత పెట్టారు. రెండోది. మూడోది. పేరు పిలవడం, అక్షరం రావడం, గీత పెట్టడం. ఆ గది కాసేపు తరగతి అయింది. ఉస్తాద్ తల పక్కకు వంచి, వేలు మర మీదనే ఉంచి వింటున్నాడు.

పద్దెనిమిదో అక్షరం దగ్గర చప్పుడు గరగరమని, తెర మీద తప్పు అని వచ్చింది. నా చెయ్యి దానంతట అదే వెనక్కి తిప్పే మీట మీదికి పోయింది. నలభై ఒకటికి నలభై ఒకటి రావాలన్నదే నా బుద్ధి. ఉస్తాద్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టకు. మిషన్ల వెనుకకు తిప్పితే ముడత తెగుతది. తెగితే మిగిలినయన్ని పోతయ్."

"ఒక్కటి పోయింది ఉస్తాద్."

"పోనీయ్. ఇర్వై మూడు వస్తున్నయ్, విను."

ఆయనే లెక్క చెప్పాడు. నేను టీచరమ్మ వైపు చూశాను. ఆమె తల ఊపి, పట్టీలో గీతకు బదులు చుక్క పెట్టి, తరువాతి పేరు చదివారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఒక తప్పును సరిదిద్దకుండా, కళ్లెదుటే ముందుకు పోనిచ్చినది అదొక్కటే. ముప్పై మూడో అక్షరం కూడా అలాగే పోయింది. నలభై ఒకటో పేరు చదివి టీచరమ్మ పట్టీ మూశారు. తొమ్మిది నిమిషాల పది సెకన్లు. ఉస్తాద్ రికార్డరు ఆపి, "నమాజుకు టైమున్నది. చాయ్ ఎవరు తాపిస్తరు?" అన్నాడు.

చాయ్ వచ్చేలోగా, అందరి ఎదుటా, నేను చెప్పవలసినది చెప్పాను. మంగళవారం వరుస అప్పుడు రాశాను. కార్డులు కొన్నవారికి పంపిన ఉత్తరంలో కూడా కారణం దాచలేదు: "పరీక్షించినవాడి పొరపాటు." ఇంజనీరమ్మ "మన పొరపాటు" అని మార్చింది. నేను మళ్లీ దిద్దాను.

ఆదివారం యాలాల్ వెళ్లాము. ఫంక్షన్ హాలులో పెద్ద టీవీ పెట్టారు. నెరిసిన జుట్లతో, చత్వారపు అద్దాలతో ఉన్న తొమ్మిదో తరగతి వరుసగా వచ్చి, ఎవరి అక్షరం దగ్గర వారు నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఒకాయన తన అక్షరం కొమ్ము వంకరగా ఉన్నదని అప్పుడే టీచరు చెవి మెలిపెట్టిన సంగతి చెప్పి, ఆ వంకర చూపించి గర్వపడ్డాడు. పద్దెనిమిదో అక్షరం యజమాని మోమిన్‌పేట్ దారిలో ఆటో నడుపుతాడు.

"నాదే పోయిందా టీచర్? అప్పుడు గూడ నాదే తప్పువడె" అన్నాడు.

"గిప్పుడన్న సక్కగ గియ్యి" అని టీచరమ్మ బ్యాగులోంచి గ్రాఫు కాగితం తీసి ఇచ్చారు. తెచ్చుకునే వచ్చారన్నమాట. అతను బల్ల మీద మోచేతులు ఆనించి, నాలుక కొరుక్కుంటూ ఇరవై నిమిషాలు గళ్లు నింపాడు. ఇంజనీరమ్మ ఆ గళ్లను కార్డులోకి ఎక్కించింది.

ముప్పై మూడో పేరు గల పిల్లవాడు రాలేదు. అతను పోయి కొన్నేళ్లయిందని అప్పట్లో తరగతిలో అతని పక్కన కూర్చునే స్నేహితుడు చెప్పాడు. "నేను గీస్త టీచర్. వాని పక్కపొంటే కూసుంటుంటి, ఎట్ల గీసిండో నాకు యాదికున్నది" అని కాగితం అందుకోబోయాడు.

టీచరమ్మ కాగితం వెనక్కి తీసుకున్నారు. "వద్దు నాయనా. వానిది వాడే గీయాలె. గా జాగ గట్లనే ఉండనీయ్."

తెర మీద అన్నిటి మధ్యా ఒక చదరం నల్లగా ఉండిపోయింది. కింద అతని పేరు ఒక్కటే ఇంజనీరమ్మ చేర్చింది. ఎవరూ దాన్ని నింపలేదు. నేను కూడా నింపమనలేదు.

ఆ సాయంత్రమే, ఆదివారమైనా, నోటుపుస్తకం తెరిచి రాశాను. కార్డులు అరవై, ఫిర్యాదు వచ్చినవి పదిహేడు, అరవైకీ కెపాసిటర్ అతికించాలి, టంకం లోపం వల్ల చెడినవి సున్న. అక్షరాలు నలభై ఒకటి, టేపు నుంచి వచ్చినవి ముప్పై తొమ్మిది, చేతితో తిరిగి గీసినది ఒకటి, ఖాళీ ఒకటి.